నానమ్మకి వినపడే టీవీ

సీఎస్‌ఈలో సీటు వచ్చిందని తెలిసిన రోజు నుంచీ బంధువుల దృష్టిలో మనమే వైఫై రిపేరు, మనమే ప్రింటర్ సర్వీసు, మనమే టీవీ సలహాసంఘం. "కంప్యూటర్లు చదువుతున్నావుగా, ఏ టీవీ కొనాలో చూసి చెప్పు" అనే ఫోన్ ఇది చదువుతున్న మీలో చాలామందికి ఇప్పటికే వచ్చి ఉంటుంది. రాకపోతే దసరాకి వస్తుంది. డేటా స్ట్రక్చర్స్‌లో మనకెన్ని మార్కులొచ్చాయో వాళ్ళకి తెలీదు కాబట్టి నమ్మకంగా అడుగుతారు. మనం కూడా అంతే నమ్మకంగా రెండు యూట్యూబ్ రివ్యూలు చూసి, 55 ఇంచులు, 4కె, క్యూఎల్‌ఈడీ, అట్మాస్ సౌండ్‌బార్ అని వాట్సాప్‌లో లింకు పడేసి మన పని అయిపోయిందనుకుంటాం.

నాకు ఈ పద్ధతితోనే పేచీ. మన ఇళ్ళల్లో టీవీకి పెట్టే డబ్బులో తెరకి పోయేది మరీ ఎక్కువ, మాటకి మిగిలేది మరీ తక్కువ. తెర ఒక సైజు తగ్గినా పర్లేదు, మాట తేటగా వినిపించే సౌండ్‌బార్ ఉండాలి అని నా వాదన. అంతకన్నా ముందు, షాపుకి వెళ్ళేలోపే, ఆ టీవీ ముందు రోజుకి ఎక్కువ గంటలు కూర్చునే మనిషి ఎవరో చూసుకోవాలి. మా ఇంట్లో ఆ మనిషి మా నానమ్మ. 76 ఏళ్ళు. 4కె అంటే ఏంటో ఆవిడకి తెలీదు, తెలుసుకోవాల్సిన అవసరమూ లేదు.

మా ఇంట్లో ఒకప్పుడు డబ్బా టీవీ ఉండేది. దాని వెనక భాగం ఎంత లావుగా ఉండేదంటే పైన నానమ్మ ఎండు మిరపకాయల డబ్బా, విజిటింగ్ కార్డులు, కరెంటు బిల్లులు అన్నీ పెట్టేది. ఛానల్ నంబర్లు ఆవిడకి కంఠతా వచ్చు. తర్వాత సన్నటి ఎల్‌ఈడీ వచ్చింది. బొమ్మ బాగుంది అన్నారు అందరూ. కానీ అప్పటి నుంచే నానమ్మ కుర్చీ కొంచెం కొంచెం ముందుకి జరగడం మొదలైంది. "ఏమన్నాడే?" అని అడిగేది. మేం "ఉండు నానమ్మా, తర్వాత చెప్తా" అనేవాళ్ళం. ఆ తర్వాత ఎప్పుడూ రాదు, ఎందుకంటే అప్పటికి ఇంకో సీన్ వచ్చేస్తుంది. కొన్నాళ్ళకి ఆవిడ అడగడం మానేసింది. ఇప్పుడు బొమ్మ చూసి తనే కథ అల్లుకుంటుంది. ఆవిడ అల్లే కథ సీరియల్ కథ కంటే బాగుంటుంది, అది వేరే విషయం. కానీ రాత్రి భోజనాల దగ్గర అమ్మా పిన్నీ ఆ సీరియల్ గురించి మాట్లాడుకుంటుంటే ఆవిడ మాత్రం కలవదు. అది నాకు నచ్చదు.

వయసు వల్ల అని సరిపెట్టుకోవచ్చు. కొంత నిజమే. కానీ టీవీ తప్పు కూడా ఉంది, దాన్ని చూడటానికి ఫిజిక్స్ పెద్దగా అక్కర్లేదు. స్పీకర్ గాలిని తోయాలి. తోయాలంటే దానికి కాస్త వెడల్పైన కోన్, వెనక కాస్త ఖాళీ జాగా కావాలి. డబ్బా టీవీలో జాగాకి కొదవ లేదు, స్పీకర్లు కూడా మన వైపే చూసేవి. ఇప్పటి టీవీ సన్నగా, అంచులు లేకుండా ఉండాలి కాబట్టి ముందు వైపు స్పీకర్‌కి చోటే లేదు. చాలావాటిలో స్పీకర్లు కింది అంచులో నేల వైపు చూస్తూ ఉంటాయి. మాట ముందు షోకేస్ చెక్కకో గోడకో తగిలి, అక్కడి నుంచి మన దగ్గరికి వస్తుంది. పెట్టె మీద 20 వాట్స్ అని ఉంటుంది, కానీ ఎటు వైపు 20 వాట్స్ అన్నది ఎవరూ అడగరు.

ఇక చెవి సంగతి. వయసుతో వచ్చే వినికిడి లోపం మామూలుగా పై ఫ్రీక్వెన్సీలతో మొదలవుతుంది. అచ్చుల బలం కింది ఫ్రీక్వెన్సీల్లో ఉంటుంది, స, శ, త, చ, ప, క లాంటి హల్లుల తేడా తెలిపే సమాచారం చాలావరకు పైన ఉంటుంది. తెలుగు అజంత భాష అని మన క్లబ్ మీటింగుల్లో గర్వంగా చెప్పుకుంటాం కదా, ఇక్కడ దాని ఇంకో వైపు చూడండి. పాప, తాత, కాక: ఈ మూడు మాటల్లో అచ్చులు ఒకటే. హల్లు పోయిందంటే మూడూ ఒకే మాట. సీరియల్‌లో "పాప వచ్చింది" అన్నారో "తాత వచ్చాడు" అన్నారో క్రియ చివరిదాకా ఆగితే గానీ తెలీదు, ఈలోపు బ్యాక్‌గ్రౌండ్‌లో మూడుసార్లు "ధన్ ధన్ ధన్" అని కొడతారు. అందుకే "వాల్యూమ్ పెంచు" అన్నది సగం మందే. వాల్యూమ్ పెంచితే అచ్చులూ పెరుగుతాయి, ఆ ధన్ ధన్ కూడా పెరుగుతుంది, హల్లు మాత్రం దాని వెనకే దాక్కుంటుంది. నానమ్మ "గట్టిగా వినపడుతోందే గానీ తెలియట్లేదు" అంటుంది. ఇంతకంటే సరిగ్గా ఏ ఆడియో ఇంజనీర్ చెప్పగలడు?

పెద్దవాళ్ళకే కాదు, మనకీ ఉంది ఈ బాధ. ఓటీటీలో సినిమా పెట్టి మాటలప్పుడు వాల్యూమ్ 40, పాటప్పుడు 15 అని రిమోట్ చేతిలో పట్టుకుని కాపలా కాయని ఇల్లు ఉందా? థియేటర్‌లో మాటలకి ప్రత్యేకంగా ఒక సెంటర్ స్పీకర్ ఉంటుంది, తెర వెనకే. కనపడని సన్నటి చిల్లులుంటాయి తెరకి, వాటిలోంచి మాట నేరుగా హీరో నోటి దగ్గర నుంచే వస్తున్నట్టు ఉంటుంది. ఇంట్లో మామూలు టీవీకి ఎడమ, కుడి రెండే. మధ్యలో రావాల్సిన మాటని తగ్గించి రెండు వైపులా పంచి, సంగీతంలో, ఫైటింగ్‌లో కలిపేస్తుంది. థియేటర్ కోసం చేసిన ఆ పెద్ద శబ్దానికీ చిన్న శబ్దానికీ మధ్య తేడా మన హాల్లో, ఫ్యాన్ చప్పుడు మీద, కుక్కర్ విజిల్ మీద నిలబడదు.

సరే, మాట సంగతి ఇది. మరి తెర అనవసరమా అంటే, అలా అనను. కానీ తెర మీద మనం కొనే అంకెల్లో చాలావాటిని మన కళ్ళు వాడుకోవు.

మా హాల్లో సోఫా నుంచి గోడకి 9 అడుగులు. మామూలు చూపున్న కన్ను ఒక డిగ్రీలో 60వ వంతు కంటే చిన్న తేడాని విడదీయలేదు అనేది పాఠ్యపుస్తకం లెక్క. 55 ఇంచుల టీవీ వెడల్పు దాదాపు 122 సెంటీమీటర్లు. ఫుల్ హెచ్‌డీలో అడ్డంగా 1920 చుక్కలు, అంటే ఒక్కో చుక్క 0.63 మిల్లీమీటర్లు. ఆ చుక్క కంటికి విడిగా కనపడటం ఆగిపోయే దూరం కడితే దాదాపు 2.2 మీటర్లు, అంటే 7 అడుగుల పైచిలుకు. మేం కూర్చునేది 9 అడుగుల దగ్గర. అక్కడి నుంచి ఫుల్ హెచ్‌డీకీ 4కెకీ తేడా మా కళ్ళు దాదాపు పట్టవు. ఇప్పుడు ఈ సైజులో దొరికేవన్నీ 4కెనే కాబట్టి కొనక తప్పదు, కొనండి. 8కె అని ఎవరైనా అంటే మాత్రం ఈ లెక్క చూపించండి.

ఇంకా అసలు విషయం టీవీలోకి వచ్చే సిగ్నల్. మా కేబుల్‌లో చాలా ఛానళ్ళు ఇప్పటికీ స్టాండర్డ్ డెఫినిషన్‌లోనే వస్తాయి: 720 బై 576 చుక్కలు. గుణిస్తే 4,14,720. 4కె తెర మీద ఉండేవి 82,94,400. భాగించి చూడండి, సరిగ్గా 20 రెట్లు. అంటే వచ్చిన ప్రతి చుక్కకీ టీవీ ఇంకో 19 చుక్కలు తన ఊహతో పుట్టించాలి. తెర పెద్దదయ్యేకొద్దీ ఆ ఊహ ఎంత బలహీనమో అంత బాగా కనపడుతుంది. అందుకే పక్కింటి బాబాయ్ కొత్త 65 ఇంచుల టీవీలో యాంకర్ ముఖం మైనపు బొమ్మలా ఉంటుంది. మరి సినిమాలే చూసే ఇల్లయితే? అప్పుడు నేను అడ్డు చెప్పను. సినిమాకి తెర కంటి ముందు దాదాపు 30 డిగ్రీలైనా నిండాలని ఒక లెక్క ఉంది, 9 అడుగుల నుంచి అది 65 ఇంచులకే వస్తుంది. రోజుకో బ్లూరే చూసే ఇల్లు మాదైతే ఈ వ్యాసం వేరేలా ఉండేది. మాది పొద్దున న్యూస్, మధ్యాహ్నం సీరియల్, సాయంత్రం సీరియల్, రాత్రి క్రికెట్ ఇల్లు.

ఆ న్యూస్ గురించి ఒక మాట. డబ్బులున్న వాళ్ళు ఎగబడే ఓఎల్‌ఈడీ నిజంగానే అద్భుతమైన తెర. దానిలో ప్రతి చుక్కా తనంతట తనే వెలుగుతుంది, ఆర్పేస్తే అసలైన నలుపు. కానీ వెలిగే చుక్కే అరిగే చుక్క కూడా. ఒకే బొమ్మ ఒకే చోట గంటల తరబడి ఉంటే అక్కడి చుక్కలు మిగతావాటికంటే త్వరగా అరిగి, మచ్చలా మిగిలిపోవచ్చు. ఇప్పుడు మన తెలుగు న్యూస్ ఛానల్ ఒకటి గుర్తు తెచ్చుకోండి. మూల లోగో, కింద ఎర్ర పట్టీ, దాని కింద పసుపు పట్టీ, దాని కింద స్క్రోలింగ్, పక్కన బంగారం ధర. మనిషి కనపడేది మధ్యలో మిగిలిన కిటికీలో. ఉదయం ఆరు నుంచి అది నడిచే ఇంటికి ఓఎల్‌ఈడీ కొనమని నేను చెప్పను. (ఆ స్క్రోలింగ్ చదవడంలో నానమ్మే నాకంటే ఫాస్ట్. ఇంగ్లీష్ మీడియం పుణ్యం. నేను సగం చదివేలోపు వార్త వెళ్ళిపోతుంది.)

క్యూఎల్‌ఈడీ పేరు వినడానికి ఓఎల్‌ఈడీకి అన్నలా ఉంటుంది గానీ చుట్టరికం లేదు. అది వెనక లైటు ఉన్న మామూలు ఎల్‌సీడీయే, మధ్యలో క్వాంటమ్ డాట్స్ పొర వేసి రంగుల్ని మెరుగుపరుస్తారు. క్వాంటమ్ డాట్స్‌కి 2023లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది, కాబట్టి సైన్స్‌ని తక్కువ చేసి మాట్లాడట్లేదు. కానీ రంగు బాగుపడినంత మాత్రాన వెనక లైటు బాగుపడదు. హెచ్‌డీఆర్ కూడా అంతే. తక్కువ ధర టీవీ పెట్టె మీద హెచ్‌డీఆర్ అని రాశారంటే ఆ సిగ్నల్ లోపలికి తీసుకుంటుందని అర్థం, దాన్ని చూపించేంత వెలుగు ఉందని అర్థం చేసుకోకూడదు.

ఇంచుల గోలలో ఎవరూ అడగనిది చూసే కోణం. మన ఇళ్ళల్లో అందరూ టీవీకి ఎదురుగా వరసలో కూర్చోరు. ఒకరు సోఫాలో, ఒకరు కింద చాప మీద కూరగాయలు తరుగుతూ, ఒకరు డైనింగ్ టేబుల్ దగ్గర పక్క నుంచి, నాన్న మంచం మీద పడుకుని. వీఏ ప్యానెల్‌లో ఎదురుగా కూర్చుంటే నలుపు బాగుంటుంది, పక్కకి జరిగేకొద్దీ రంగు వెలిసిపోతుంది. ఐపీఎస్‌లో నలుపు కాస్త బూడిదగా ఉంటుంది, కానీ పక్క నుంచి కూడా రంగు నిలబడుతుంది. మా ఇంటికి ఐపీఎస్ నయం. ఈ సంగతి పెట్టె మీద పెద్దక్షరాలతో రాయరు. షాపులో పక్కకి నడిచి, తర్వాత కింద కూర్చుని చూడాలి. నేను కూర్చున్నా. అందరూ చూశారు. పర్లేదు.

షాపుకి నానమ్మని కూడా తీసుకెళ్ళాలి అన్నప్పుడు ఇంట్లో పెద్ద చర్చే నడిచింది. "ఎండలో ఆవిడెందుకే, ఇంటికి తెస్తే చూస్తుందిగా" అన్నాడు నాన్న. చూస్తుంది, వింటుందా అన్నది కదా ప్రశ్న. చివరికి కారులో తీసుకెళ్ళాం. షాపులో గోడ నిండా టీవీలు, అన్నిట్లో ఒకటే వీడియో: చిలకలు, తేనె ధార, రంగు పొడి పేలడం. అది మన జీవితంలో ఎప్పుడూ చూడని కార్యక్రమం. పైగా షాపు మోడ్‌లో వెలుగు, రంగు రెండూ నెత్తికెక్కి ఉంటాయి. ట్యూబ్‌లైట్ల కింద పది టీవీల్లో మన కన్ను వెతికేది బాగున్నదాన్ని కాదు, ఎక్కువ మెరిసేదాన్ని. "దీంట్లో యూట్యూబ్ పెట్టి ఒక న్యూస్ బులెటిన్, ఒక సీరియల్ ముక్క వేయండి" అన్నాను. "న్యూస్‌కేముంది సార్, అన్నిట్లో ఒకేలా వస్తుంది" అన్నాడు సేల్స్ అతను. అడిగింది నేను, జవాబు నాన్నకి. ఇంజనీరింగ్ చదివే అమ్మాయిలకి ఇది కొత్త కాదు కాబట్టి మళ్ళీ అడిగాను.

తెరకి నేను పెట్టిన పరీక్ష ఒకటే, మీరూ వాడుకోవచ్చు. మాయాబజార్, 1957 నాటి నలుపు తెలుపుది. అందులో రంగు లేదు కాబట్టి టీవీ తన సొంత రంగు ఏదైనా పూస్తే వెంటనే దొరికిపోతుంది. ఒక టీవీలో అందరూ నీలంగా ఉన్నారు. ఇంకో దాంట్లో బొమ్మని తెర నిండా సాగదీశారు. ఎస్వీ రంగారావు గారికి అదనపు వెడల్పు అవసరమా? రిమోట్‌లో పిక్చర్ సైజు 4:3కి మారిస్తే అటూ ఇటూ నల్ల పట్టీలు వస్తాయి, ఘటోత్కచుడు మళ్ళీ మామూలు ఘటోత్కచుడవుతాడు. మోషన్ స్మూతింగ్ కూడా తీసేయమనండి. సినిమా సెకనుకి 24 ఫ్రేములు, మధ్యలో లేని ఫ్రేముల్ని టీవీ కల్పించి కలిపితే కోట్లు పెట్టి తీసిన సినిమా స్టూడియోలో తీసిన సీరియల్‌లా జారుతుంది. దీన్ని ఆపేయండి బాబూ అని 2018లో టామ్ క్రూజ్ కూడా వీడియో పెట్టాడు. టీవీ కంపెనీలు, స్టూడియోలు కలిసి 2019లో ఫిల్మ్‌మేకర్ మోడ్ అని తెచ్చింది ఇందుకే. క్రికెట్‌కి మాత్రం ఉంచుకుంటానంటే మీ ఇష్టం.

సౌండ్‌బార్ల దగ్గరికి వచ్చాం. నానమ్మని ఒక స్టూల్ మీద, టీవీకి వీపు పెట్టి కూర్చోబెట్టాం. బొమ్మ కనపడితే ఆవిడ పెదాలు చూసి ఊహించేస్తుంది, అందుకని. వాల్యూమ్ మేం ఇంట్లో పెట్టుకునేంతే. మొదటిది పెద్ద సబ్‌ఊఫర్ ఉన్న 2.1. "పక్కింట్లో పిండి దంచుతున్నట్టుంది" అంది. రెండోది అట్మాస్ అని రాసున్నది. అట్మాస్ అసలు ఆలోచన గొప్పదే, శబ్దాన్ని పైకప్పుకి కొట్టి పైనుంచి వచ్చినట్టు వినిపించడం. కానీ పైకి చూసే స్పీకర్లు, చదునైన సీలింగ్ ఉంటేనే అది జరుగుతుంది. ఈ బార్‌లో పైకి చూసే స్పీకర్లే లేవు, సాఫ్ట్‌వేర్ మాయ. నానమ్మ ఏమీ అనలేదు. మూడోది 3.1, మధ్యలో మాటకే ఒక స్పీకర్ ఉన్నది, పేరు పెద్దగా వినని మోడల్. రిమోట్‌లో మాటని పైకి తెచ్చే బటన్ నొక్కాం. సీరియల్‌లో అత్తగారు ఏదో గొణిగింది. నానమ్మ వెనక్కి తిరక్కుండానే, "అదేంటే, తాళాలు దాని దగ్గరే పెట్టుకుని పిల్లని అంటోందా?" అంది.

నాన్న నా వైపు చూశాడు. అమ్మ అప్పటికే ధర చీటీ చూస్తోంది.

"ఈ కర్రకి పదిహేను వేలా?" అని తర్వాత నానమ్మే బేరం మొదలుపెట్టిందనుకోండి.

మీరు కొనేటప్పుడు మొదట చూడాల్సిన అంకె పాయింట్‌కి ముందున్నది. 2 అంటే ఎడమ, కుడి. 3 అంటే మధ్యలో మాటకి ఒకటి ఉంది. 5 అంటే వెనక కూడా ఉండాలి, లేదా ఉన్నట్టు నటించాలి. పాయింట్ తర్వాతది సబ్‌ఊఫర్. అపార్ట్‌మెంట్‌లో దాని సుఖం మీకంటే కింది ఫ్లాట్ వాళ్ళకే ఎక్కువ అందుతుంది. వాట్స్ దగ్గర పీఎంపీఓ అని రాసిన వేల అంకెల్ని వదిలేయండి, ఆర్‌ఎంఎస్ ఎంతో అడగండి.

కలిపే తీగ గురించి ఎవరూ చెప్పరు, అసలు గొడవలన్నీ అక్కడే. బ్లూటూత్‌తో కలిపితే మాట పెదాల తర్వాత వస్తుంది, పైగా ఒక్కోసారి ఎవరి ఫోనో కలిసిపోయి ఇన్‌స్టా రీల్ హాల్లో మోగుతుంది. హెచ్‌డీఎంఐలో ఏఆర్‌సీ అని రాసున్న పోర్టుకి కలపండి. 2009లో హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చింది ఇది. దీని గొప్పతనం శబ్దం ఒక్కటే అయితే ఆప్టికల్ తీగ కూడా చేస్తుంది. ఇది రిమోట్ పని కూడా చేస్తుంది: టీవీ ఆన్ అయితే బార్ ఆన్ అవుతుంది, టీవీ వాల్యూమ్ బటనే బార్‌కీ పనిచేస్తుంది. టీవీ సెట్టింగ్స్‌లో సీఈసీ అనేదాన్ని ఆన్ చేయాలి, ఒక్కో కంపెనీ దానికి ఒక్కో పేరు పెట్టుకుంటుంది. బార్‌ని షోకేస్ అరలోకి తోసేయకండి, ముందు అంచుకి పెట్టండి. టీవీ స్టాండ్ పొట్టిదైతే బార్ వచ్చి రిమోట్ సెన్సార్‌ని మూసేస్తుంది, కొలుచుకుని వెళ్ళండి.

ఇంతా చెప్తే మా క్లాస్ అబ్బాయి ఒకడు, "దానికి సౌండ్‌బార్ ఎందుకు, వినికిడి మిషన్ కొనొచ్చుగా" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. వినపడట్లేదంటే ముందు చెవి డాక్టర్‌కి చూపించాలి, సౌండ్‌బార్ వైద్యం కాదు. నానమ్మకి మిషన్ ఉంది కూడా, ఎక్కువగా బీరువాలో ఉంటుంది. ఫ్యాన్ చప్పుడు కూడా పెంచుతుందట, ఒక్కోసారి కూతపెడుతుందట. మిషన్ పెట్టుకున్నా, లోపలికొచ్చే మాట తేటగా ఉంటేనే కదా అది పెంచేది. హెడ్‌ఫోన్స్ ఇంకో సలహా. పెట్టుకుంటే సీరియల్ వినపడుతుంది, పక్కన కూర్చున్న అమ్మ వినపడదు. నానమ్మ టీవీ చూసేది సీరియల్ కోసం సగం, అమ్మతో దాన్ని తిట్టుకోవడం కోసం సగం.

గట్టి అభ్యంతరం నాన్న నుంచే వచ్చింది. "50 ఇంచులంటే ఆ గోడకి బోసిగా ఉంటుందే. నలుగురూ వచ్చే ఇల్లు." దీనికి నా దగ్గర ఫార్ములా లేదు. 50 నుంచి 55కి వెళ్తే తెర వైశాల్యం 21 శాతం పెరుగుతుంది, అది చిన్న తేడా అని నేను చెప్పను. గోడ కూడా ఇంటి పరువే అని నాన్న అనుకుంటే అది ఆయన డబ్బు, ఆయన కష్టం. కానీ వచ్చే నలుగురు ఏడాదికి నాలుగుసార్లు వస్తారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి 32 ఇంచులు దాటిన టీవీల మీద జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. అప్పటిదాకా 50 వేలున్న టీవీ, తగ్గిన పన్నంతా మనకే ఇస్తే 46 వేల పైచిలుకుకి రావాలి. ఆ మిగిలిన దాంతో చాలామంది ఇంకో సైజు పైకి వెళ్ళారు. దాన్ని మాట వైపు మళ్ళించమని నేనంటాను. మా బడ్జెట్ మొత్తం 50 వేలు. తెరకి 35, బార్‌కి 15. నాన్న ఒప్పుకున్నాడు. గోడకి ఏదైనా ఫోటో పెట్టాలని ఇప్పటికీ అంటున్నాడు.

ఇక మనం, అంటే రేపు ఈ సాఫ్ట్‌వేర్ రాయబోయేవాళ్ళం, సిగ్గుపడాల్సిన చోటు ఒకటుంది. స్మార్ట్ టీవీ హోమ్ స్క్రీన్. ఆన్ చేయగానే పైన సగం తెర ఒక యాడ్, కింద వరసలు వరసలుగా ఎవరూ అడగని సినిమాలు, ఇంకెక్కడో మూలన ఇన్‌పుట్స్. ఛానల్ నంబర్లు కంఠతా వచ్చిన మనిషి, ఇరవై ఏళ్ళు తన టీవీ తనే పెట్టుకున్న మనిషి, ఇప్పుడు "అమ్మలూ, నా సీరియల్ పెట్టి వెళ్ళవే" అని కాలేజీకి పోయే మనవరాలిని బతిమాలాలి. పొరపాటున ఒక బటన్ నొక్కితే మళ్ళీ ఎవరైనా ఇంటికొచ్చేదాకా అదే యాడ్. వాడేవాళ్ళ కోసం డిజైన్ చేయాలని మనకి పాఠం చెప్తారు, పరీక్షలో రాస్తాం కూడా. ఇది చూసి గీసినవాళ్ళు ఆ పేపర్‌లో ఎలా పాసయ్యారో. పైగా కొన్ని టీవీలు మనం ఏం చూస్తున్నామో గుర్తుపట్టి ఆ సమాచారం పంపిస్తాయి. ఈ విషయంలోనే 2017లో అమెరికాలో విజియో కంపెనీ 22 లక్షల డాలర్లు కట్టింది. ప్రైవసీ మెనూలోకి వెళ్ళి ఆ టిక్కు తీసేయండి.

హోమ్ స్క్రీన్‌కి మాత్రం మందుంది. టీవీ ఆన్ అవగానే ఆ యాడ్ల పేజీకి పోకుండా నేరుగా సెట్‌టాప్ బాక్స్‌కి వెళ్ళేలా పెట్టే ఆప్షన్ చాలా టీవీల్లో ఉంటుంది. మెనూలో నాలుగైదు మెట్లు లోపల, పవర్ అనో ఇన్‌పుట్స్ అనో రాసున్న చోట. షాపు నుంచి బిగించడానికి వచ్చిన అతను అది పెట్టడు, అడిగితే ఫోన్‌లో వెతుక్కోండి అంటాడు. పది నిమిషాల పని. ఈసారి సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు పెట్టి రండి. పెట్టాక రిమోట్ మీ చేతిలో ఉంచుకోకుండా పెద్దవాళ్ళకిచ్చి, వాళ్ళనే రెండుసార్లు ఆన్ చేసి ఆపమనండి.